ఇంజిన్ శుభ్రం చేస్తే ఆయిల్ కారడం బయటపడింది

కారు ఆపగానే ఆయిల్ కాలిన వాసన వస్తోంది. బానెట్ ఎత్తితే అంతా నల్లటి జిడ్డు, ఎక్కడి నుంచి కారుతోందో తెలియదు. ప్రెషర్ వాషర్ జోలికి పోలేదు. ఆ ధార సెన్సర్ల కనెక్టర్లలోకి నీళ్లు తోసేస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ఇక ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుందన్న భయం ఉండదు. ఆల్టర్నేటర్‌కు (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం), ఫ్యూజు బాక్సుకు, గాలి పీల్చే గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచులు కట్టాను. వైపర్ల కింది కాలువలోని ఎండుటాకులు కూడా ఏరాను. అవి అడ్డుపడితే వాన నీరు కారు లోపలికే దిగుతుంది. జిడ్డు వదిలించే డీగ్రీజర్ ద్రావణాన్ని భాగాల మీద చల్లకుండా బ్రష్షుకు పట్టించి రుద్ది, ఆరకముందే తడిగుడ్డతో తుడిచాను. ఈ పనికి ఓపిక కావాలి, తొందరపడితే మరకలు మిగులుతాయి. బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లటి పొడికి వంట సోడా నీళ్లు చాలు.

తేమ పూర్తిగా ఆరాకే సంచులు విప్పి, బ్యాటరీ కలిపాను. కొన్నాళ్లకు ఇంజిన్ పైమూత అయిన వాల్వ్ కవర్ అంచున తాజా ఆయిల్ చెమ్మ స్పష్టంగా కనిపించింది. ఆ మూత అంచున ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ మార్పించాక వాసన పోయింది. ప్లాస్టిక్ భాగాలకు మెరుపు పూసేవారు బెల్టు మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి, జారిపోతుంది.