పనికి క్రెడిట్లున్నాయా? చేరేముందే చూసుకోండి

ఘట్‌కేసర్ వైపు ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ చూస్తాను. వేసవి దగ్గరపడితే చాలు, పిల్లలు వరస కడతారు: "మేడమ్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?" ఇంటర్న్‌షిప్ కాదు, సర్టిఫికెట్! అమీర్‌పేటలో డబ్బు కడితే కాగితం ఇచ్చేవాళ్లకు కొదవేం లేదు. ఇంటర్వ్యూలో "అక్కడ నువ్వేం చేశావమ్మా?" అని అడిగితే మాత్రం నోట మాట రాదు.

ఇక్కడ చదివినా, వేరే దేశం వెళ్లినా, చేరకముందే సిలబస్ తెరిచి చూడండి. పనికి క్రెడిట్లున్నాయా? (క్రెడిట్లంటే డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు.) ఎన్ని నెలలు? మార్కులు వేసేది కాలేజీయా, కంపెనీలో మీకు పని చెప్పే మనిషి కూడానా? బిట్స్ పిలానీ 1973లోనే ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. మన శామీర్‌పేటలోని బిట్స్ క్యాంపస్‌లోనూ రెండో ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు, చివర్లో కావాలనుకుంటే ఐదున్నర నెలలు కంపెనీలో పనిచేస్తారు. థాయిలాండ్‌లో సురనారీ యూనివర్సిటీ 1993లోనే ఈ దారి పట్టింది. మలేసియాలో '2యూ2ఐ' అని కొన్ని కోర్సులున్నాయి, రెండేళ్లు క్లాసులో, రెండేళ్లు పరిశ్రమలో. సింగపూర్‌కైతే సింగపూర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎస్‌ఐటీ) కోర్సులు చూడండి.

జపాన్ దగ్గరే తికమక. స్టూడెంట్ వీసా మీద విడిగా అనుమతి తీసుకుంటే, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. కొందరు ఏజెంట్లు దీన్నే 'చదువుతోపాటు అనుభవం' అని అమ్ముతారు. దుకాణంలో బిల్లింగ్ చేస్తే ఖర్చులు వెళ్తాయి, తప్పేం లేదు. కానీ దాన్ని మెకానికల్ డిగ్రీ లెక్కలో ఎవరూ కలపరు.

ఇక పనిలో చేరాక. మీ విభాగాధిపతి (హెచ్‌ఓడీ)తో అటెండెన్స్ సంగతి కాగితం మీద తేల్చుకునే వెళ్లండి. మొదటి వారంలోనే "నాకంటూ ఒక పని ఇవ్వండి సార్" అని అడిగేయండి, మొహమాటపడొద్దు. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. బాలానగర్‌లో ఓ మెషిన్ షాపుకి వెళ్లిన మా కాలేజీ అమ్మాయి మొదట్లో రోజూ "సీఎన్‌సీ మెషిన్ పరిశీలించాను" అనే రాసేది (సీఎన్‌సీ అంటే కంప్యూటర్‌తో నడిచే యంత్రం). పరిశీలించి ఏం చూశావో రాయమన్నాను. తర్వాతి పేజీ ఇలా వచ్చింది: "బుష్ (ఇరుసుకి తొడిగే గొట్టం లాంటి ముక్క) లోపలి వ్యాసం 0.04 ఎంఎం తక్కువ వస్తోంది. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే ముక్క) అరిగిందని ఆపరేటర్ అన్న మార్చాడు, ఆఫ్‌సెట్ (మెషిన్‌లో కొలత సవరణ) సరిచేశాడు. తర్వాతి పది పీసులు బోర్ గేజ్‌తో నేనే కొలిచాను." ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో సగంసేపు ఆ బుష్ మీదే గడిచింది.

స్టైపెండ్ కాస్త తక్కువైనా ఇలాంటి చోటే మేలంటాను, ఇంట్లో ఒప్పుకుంటే. డిగ్రీ అయిపోయినవాళ్లు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోవచ్చు.

చివరి రోజు లెటర్‌హెడ్ మీద తేదీలతోపాటు మీరు చేసిన పనీ రాయించుకోండి. కంపెనీ డ్రాయింగులు మాత్రం ఫోన్‌లో ఫొటో తీసి రిపోర్టులో పెట్టేయకండి. అడిగి, సరేనంటేనే పెట్టండి. లేదంటే కొలతలు లేకుండా చేత్తో గీసిన స్కెచ్ చాలు.