వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే ఫీజు లెక్క: తెలంగాణ ఇంజినీరింగ్ సీటు, రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు విధానం

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ, ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని. ఫీజు సంగతి మాత్రం చాలామందికి సీటు కేటాయింపు పత్రం చేతికొచ్చాకే గుర్తొస్తుంది. అప్పటికి ఆప్షన్ల వరుస మార్చుకునే గడువు అయిపోయి ఉంటుంది. అందుకే ఆప్షన్లు, అంటే మీకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల వరుస, ఆన్‌లైన్లో పెట్టే ముందే ఒక కాగితం తీసుకుని, కాలేజీ పేరుకు ఎదురుగా నాలుగేళ్లలో మన ఇంటి నుంచి ఎంత కట్టాలో రాసుకోండి. కాలేజీ వార్షిక ఫీజు ఎంతని చూస్తే చాలదు, అందులో ప్రభుత్వం ఇచ్చేది పోగా మిగిలేదెంతో చూడాలి.

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి. మిగతా 30 శాతం కాలేజీలే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటావి. విద్యార్థి తరఫున ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ పథకం కన్వీనర్ కోటాలో సీటు వచ్చినవాళ్లకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు గానీ, చివర్లో కాలేజీలు చేసే స్పాట్ అడ్మిషన్‌కు గానీ రాదు. ఈ ఒక్క విషయం తెలియక స్పాట్‌లో చేరి, తర్వాత నాలుగేళ్లూ పూర్తి ఫీజు కట్టుకున్న కుటుంబం నాకు తెలుసు. ఆ తండ్రి పడ్డ అవస్థ ఇంకెవరూ పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎవరికి ఎంత వస్తుంది?

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాలు), మైనారిటీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. బీసీ, ఈబీసీలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. అది దాటితే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే.

లెక్క మారిపోయేది ఇక్కడే. కాలేజీల ఫీజులను ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. 2022-25 కాలానికి కనిష్ఠం 45,000 కాగా, పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. ఒక బీసీ విద్యార్థికి 18,000 ర్యాంకు వచ్చిందనుకుందాం. ఫీజు 1,20,000 ఉన్న కాలేజీలో చేరితే 35,000 పోగా ఏటా 85,000 ఇంటి నుంచి కట్టాలి, నాలుగేళ్లకు 3,40,000. అదే 50,000 ఫీజున్న కాలేజీలో అయితే ఏటా 15,000, మొత్తం 60,000. రెండింటి మధ్య తేడా 2,80,000. పైగా రోజూ వెళ్లివచ్చే బస్సు ఖర్చో, హాస్టల్ ఖర్చో ఉండనే ఉంటుంది. ఖరీదైన కాలేజీలో ప్లేస్‌మెంట్లు నిజంగా అంత మెరుగ్గా ఉంటే ఆ తేడా భరించవచ్చు. కాకపోతే ఆ మాట గోడమీది ఫ్లెక్సీ చూసి నమ్మకండి, మీ బ్రాంచి సీనియర్లనే అడగండి.

ఐఐటీ, ఎన్‌ఐటీల సీట్లు కేటాయించే జాతీయ కౌన్సెలింగ్ జోసాలో కూడా సీటు వచ్చే అవకాశం ఉన్నవాళ్లు మరో వరుస రాసుకోవాలి. వరంగల్ సహా ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే పైన చెప్పిన విద్యార్థి కుటుంబ ఆదాయం లక్ష దాటి ఉంటే ఎన్‌ఐటీలో ఏడాదికి ట్యూషన్ ఫీజు దాదాపు 42,000 పడుతుంది. హాస్టల్, మెస్ కలిపి చూసినా అది చాలా ప్రైవేటు కాలేజీలతో పోటీపడే ఖర్చే.

దరఖాస్తు ఎలా?

ముందుగా మీసేవలో ఆదాయ ధ్రువీకరణ పత్రానికి పెట్టుకోండి. కౌన్సెలింగ్ జరిగే ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే కావాలి, పాతది పనికిరాదు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం ఉంది కదా అని ఊరుకోవద్దు. అది రిజర్వేషన్ కోసం, రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పత్రం వేరుగా ఉండాలి. ఆ తర్వాత కౌన్సెలింగ్ సైట్లో ప్రాసెసింగ్ ఫీజు కట్టి స్లాట్ తీసుకుని, హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు చూపించాలి. 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం అన్నీ ఒరిజినల్స్ తీసుకెళ్లండి. ఆదాయ పత్రం ఆ రోజే పరిశీలనకు వెళ్లాలి, ఆ వివరాల ఆధారంగానే కేటాయింపు పత్రంలో మీరు కట్టాల్సిన ఫీజు పడుతుంది.

ఆప్షన్లు పెట్టేటప్పుడు మీరు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే మొదటి సీటు దానంతటదే రద్దవుతుంది. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే మీకు ఎక్కువ భారమయ్యే కాలేజీని రెండో విడతలో అసలు పెట్టకండి.

కాలేజీలో చేరాక అసలు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు తెలంగాణ ఈ-పాస్ పోర్టల్‌లో పెట్టాలి. ఆధార్, పదో తరగతి మెమో, కుల, ఆదాయ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గరుంచుకుని వివరాలు నింపి, ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ పరిశీలించి పైకి పంపిందో లేదో పోర్టల్‌లో స్టేటస్ చూస్తూ ఉండండి.

డబ్బు సమయానికి రాకపోవచ్చు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. చేరే ముందే కాలేజీ ఆఫీసులో, ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే విద్యార్థిని కట్టమంటారా, సర్టిఫికెట్లు ఆపుతారా అని సూటిగా అడగండి. కోర్సు పూర్తయ్యాక మెమోలు ఆగిపోతే ఉద్యోగం చేజారుతుంది.

ఆదాయ పరిమితి దాటినవాళ్లకు పీఎం విద్యాలక్ష్మి దారి ఉంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవాళ్లకు హామీ, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, మరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ పొందకపోతే, 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో, అంటే వాయిదాలు కట్టడం మొదలయ్యేదాకా, 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో ముందే చూసుకోండి.

ఈ-పాస్‌లో ప్రతి సంవత్సరం రెన్యువల్ తప్పనిసరి, హాజరు 75 శాతం ఉండాలి. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.