నగరం దగ్గర పెద్ద భూకంపం వచ్చే అవకాశం ఎంత? లెక్క వేయడం ఎలా?

"ఫలానా తేదీన భూకంపం" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే చదవకుండానే డిలీట్ చేసేయొచ్చు. రోజు, చోటు, తీవ్రత మూడూ ముందే చెప్పే పద్ధతి ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. "వచ్చే 30 ఏళ్లలో ఈ నగరం దగ్గర పెద్దది రావడానికి ఎంత అవకాశం?" అంటే మాత్రం లెక్క కట్టొచ్చు. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని తీసుకుందాం.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

పెద్దది అంటే ఎంత? దగ్గర అంటే ఎంత దూరం? ఎన్నేళ్లలో? ఇవి తేల్చకపోతే చివర్లో వచ్చే శాతానికి అర్థం లేదు. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. దూరం విషయంలోనూ తొందరపడొద్దు. 1985లో మెక్సికో సిటీని కూల్చిన భూకంపం పుట్టింది 350 కిలోమీటర్లకు పైగా అవతల. నగరం పాత చెరువు బంకమట్టి మీద ఉండడంతో ఊపు అక్కడ ఎన్నో రెట్లు పెరిగింది. మన ఉదాహరణకు 6.7 తీవ్రత, 30 ఏళ్లు అనుకుందాం.

2. చిన్నవాటిని లెక్కపెట్టండి

అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైట్‌లో ప్రపంచం మొత్తం భూకంపాల జాబితా ఉచితంగా దొరుకుతుంది. ఒక ప్రాంతంలో 50 ఏళ్లలో 5 తీవ్రత దాటినవి 20 వచ్చాయనుకోండి. గూటెన్‌బర్గ్, రిక్టర్ అనే భూకంప శాస్త్రవేత్తలు చూపించిన సూత్రం ప్రకారం తీవ్రత ఒక్కో అంకె పెరిగిన కొద్దీ సంఖ్య పదో వంతుకు పడిపోతుంది. అంటే 6 దాటినవి రెండు, 7 దాటేది సుమారు 250 ఏళ్లకు ఒకటి.

ఇది మొదటి అంచనా మాత్రమే. పరికరాల రికార్డు వయసు నూరేళ్లు పైచిలుకే, భూమికి అదో లెక్కే కాదు. జపాన్‌లో 2011 నాటి 9 తీవ్రత భూకంపానికి ముందు అలాంటి సునామీ ఆనవాళ్లు వెతకాలంటే 869వ సంవత్సరం దాకా వెళ్లాలి.

3. ఫాల్ట్ దగ్గరికి వెళ్లండి

అసలు కథ ఇక్కడుంది. ఫాల్ట్ అంటే భూమిలోని పగులు; దాని రెండు వైపులూ ఒక్కసారిగా జారితే భూకంపం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని హేవర్డ్ ఫాల్ట్ మీద, ఫ్రీమాంట్‌లోని ఒక మడుగు దగ్గర శాస్త్రవేత్తలు కందకాలు తవ్వారు. మట్టి పొరలు ఎక్కడ తెగాయో, ఆ తెగుడు ఏ పొర దాకా వచ్చి ఆగిందో చూసి, పొరల వయసు కార్బన్ డేటింగ్‌తో కట్టారు. సుమారు 1900 ఏళ్లలో 12 పెద్ద భూకంపాలు తేలాయి. సగటున 160 ఏళ్లకు ఒకటి. చివరిది 1868లో.

ఫాల్ట్ ఎంత వేగంగా కదులుతోందో జీపీఎస్ చెబుతుంది. ఇక్కడ ఏటా 9 మిల్లీమీటర్ల దాకా. అయితే అందులో కొంత చప్పుడు లేకుండా జారిపోతుంది కాబట్టి ఆ భాగం తీసేయాలి. హేవర్డ్ పట్టణంలో ఒక వీధి మూల ఫుట్‌పాత్ అంచు సరిగ్గా ఈ ఫాల్ట్ మీదే ఉండేది. అది రెండు ముక్కలై, ఏటా కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరగడాన్ని శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. 2016లో రోడ్డు పనివాళ్లు సంగతి తెలియక దాన్ని పీకేసి కొత్తది వేశారు!

4. శాతం తీయండి

160 ఏళ్లకు ఒకటి అంటే ఒక ఏడాది రాకుండా గడిచే అవకాశం 160లో 159 వంతులు. దాన్ని 30 సార్లు గుణిస్తే 0.83. మిగిలిన 17 శాతమే 30 ఏళ్లలో వచ్చే అవకాశం.

చాలామంది 30ని 160తో భాగించి ఊరుకుంటారు. ఇక్కడ పెద్ద తేడా రాదు కానీ, గడువు పెరిగితే ఆ లెక్క నూరు శాతం దాటిపోతుంది.

5. ఫాల్ట్‌లను కలపండి

శాతాలను కూడకండి. "ఏదీ రాకపోయే" అవకాశాలను గుణించండి. 2014 నుంచి 2043 వరకు 6.7 పైబడిన భూకంపానికి నిపుణుల అంచనా: హేవర్డ్, దాని కొనసాగింపు రోడ్జర్స్ క్రీక్ కలిపి 33 శాతం, కలవేరస్ 26, శాన్ ఆండ్రియాస్ 22. కాబట్టి 0.67, 0.74, 0.78 గుణిస్తే 0.39. అంటే మూడింటిలో ఏదో ఒకటి కదిలే అవకాశం 61 శాతం. మిగతా ఫాల్ట్‌లనూ కలిపి నిపుణులు చెప్పిన అంకె 72.

6. ఎంతకాలమైందో చూడండి

హేవర్డ్‌కు మనకు 17 వస్తే వాళ్లకు 33 ఎందుకు? రోడ్జర్స్ క్రీక్‌ను కలపడం ఒక కారణం. రెండోది, మన లెక్కకు జ్ఞాపకశక్తి లేదు. 1868 నుంచి ఒత్తిడి పేరుకుంటూనే ఉందని వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు.

అలాగని సగటును గడువు తేదీలా చూడొద్దు. కాలిఫోర్నియాలోనే పార్క్‌ఫీల్డ్ దగ్గర 1857 నుంచి 1966 వరకు ఆరు భూకంపాలు, సగటున 22 ఏళ్లకు ఒకటి వచ్చాయి. తర్వాతిది 1993లోపే అన్నారు. ఫాల్ట్ చుట్టూ పరికరాలు పెట్టి కాచుకు కూర్చున్నారు. అనుకున్న చోటే, అనుకున్న 6 తీవ్రతతోనే వచ్చింది. కాకపోతే 2004లో.