కారు ఆడియో మనమే నేర్చుకుందాం, 4వ భాగం: ఏ స్పీకర్‌కి ఏ యాంప్?

పోయిన భాగంలో బ్యాటరీ దగ్గర నుంచి యాంప్ (సౌండ్ సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫైయర్) దాకా వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టడం చూశాం. ఈసారి లెక్కలు. కంగారు వద్దు, గుణకారం, వర్గమూలం వస్తే చాలు.

ముందు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న "మ్యాక్స్ 500 వాట్స్"ని మర్చిపోండి. పాత టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అని వేలల్లో వేసేవాళ్లు కదా, ఇదీ ఆ కోవలోదే. మనం చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే యాంప్ ఆగకుండా ఇవ్వగలిగేది, స్పీకర్ ఆగకుండా తట్టుకోగలిగేది. స్టీరియో మీద "50×4" అని, అంటే నాలుగు స్పీకర్లకి తలా 50 వాట్లని ఉన్నా అంతే. 14.4 వోల్టుల కరెంటుతో 4 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) స్పీకర్‌కి శుభ్రంగా 26 వాట్లు దాటి ఇవ్వడం లెక్క ప్రకారమే కుదరదు, నిజంగా వచ్చేది 20కి అటూఇటూ. అందుకే డోర్లలో 75 వాట్స్ ఆర్ఎంఎస్ స్పీకర్లు పెట్టి స్టీరియోకే కలిపేస్తే డబ్బులు పెట్టిన తేడా వినపడదు.

యాంప్ ఆర్ఎంఎస్ స్పీకర్‌ది ఎంతో అంత, లేదా కొంచెం ఎక్కువ ఉండేలా తీసుకోండి. పెద్ద యాంప్ పెడితే స్పీకర్ కాలిపోతుందని చాలామందికి టెన్షన్, కానీ చిన్న యాంప్‌ని దాని శక్తికి మించి తోసి కాల్చేసుకునేవాళ్లూ తక్కువేం కాదు. సౌండ్ చాలట్లేదని వాల్యూమ్ పెంచుతూ పోతే తరంగం పైనా కిందా కోసేసినట్టు చదునవుతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. అది పూర్తిగా ముదిరితే 50 వాట్ల యాంప్ నుంచి లెక్క ప్రకారం దానికి రెట్టింపు దాకా పవర్ రావచ్చు, ఆ వేడికి స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్ మాడిపోతుంది, ముందు పోయేది తరచుగా సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటరే.

ఇక ఓమ్స్. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. సబ్‌వూఫర్‌కి (బాస్ పలికే పెద్ద స్పీకర్, ముద్దుగా సబ్) రెండు 4 ఓమ్స్ కాయిల్స్ ఉన్నాయనుకుందాం. సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి కలిపితే 8, ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట కలిపితే 2. మోనో (ఒకే ఛానల్ ఉండే) యాంప్ మీద "4 ఓమ్స్ దగ్గర 300, 2 ఓమ్స్ దగ్గర 500" అని ఉండి, సబ్ 500 ఆర్ఎంఎస్‌ది అయితే ప్యారలల్‌లో కలపాలి, జత సరిగ్గా కుదురుతుంది. అదే సబ్‌ని ఫోర్ ఛానల్ యాంప్‌లో రెండు ఛానళ్లు బ్రిడ్జ్ చేసి, అంటే రెండూ కలిపి ఒకటిగా వాడి తగిలిస్తే మాత్రం ఒక్కో ఛానల్‌కి అందులో సగం, అంటే 1 ఓమ్ కనపడుతుంది. చాలా ఫోర్ ఛానల్ యాంప్‌లు దాన్ని మోయలేవు, వేడెక్కి ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది. మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు 4 ఓమ్స్ కాయిల్ మూడున్నర దగ్గర చూపిస్తే స్పీకర్ పాడైందనుకోకండి, అది మామూలే.

చివరిది గెయిన్. అది వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో పంపే సిగ్నల్‌కి యాంప్‌ని సర్దే స్క్రూ. ఎన్ని వాట్లు కావాలో దాన్ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి: 500 × 2 = 1000, వర్గమూలం దాదాపు 31.6 వోల్టులు. డోర్ స్పీకర్లకైతే 75 × 4 = 300, అంటే 17.3. స్పీకర్ వైర్లు విప్పేసి, బాస్ బూస్ట్ ఆపేసి, ఈక్వలైజర్ సున్నాలో పెట్టి, గెయిన్ పూర్తిగా తగ్గించండి. కారుని ఆరుబయట పెట్టి ఇంజిన్ ఆన్ చేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకి తెచ్చి, సబ్‌కి 50 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకి 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పి యాంప్ అవుట్‌పుట్ దగ్గర పట్టుకుని, లెక్కలో వచ్చిన అంకె కనపడేదాకా గెయిన్‌ని మెల్లగా తిప్పండి. యాంప్ ఆర్ఎంఎస్, స్పీకర్ ఆర్ఎంఎస్ వేరువేరుగా ఉంటే రెండింట్లో తక్కువదే లెక్కలో వేయాలి.

మీ స్పీకర్ల ఆర్ఎంఎస్, కలిపాక వచ్చిన ఓమ్స్, ఆ ఓమ్స్ దగ్గర యాంప్ ఆర్ఎంఎస్, ఈ మూడూ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. 5వ భాగంలో క్రాసోవర్ (ఏ స్పీకర్‌కి ఏ శబ్దాలు వెళ్లాలో విడదీసేది) పెట్టేటప్పుడు వాటితోనే పని.