కంప్యూటర్ పదేపదే హ్యాంగ్ అవుతుంటే ర్యామ్ సంగతి తేల్చుకోవడం ఎలా?

పని మధ్యలో తెర ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, మౌస్ బాణం కదలదు, పాట వస్తూ ఉంటే అందులోని ఒకే ముక్క గరగరమంటూ మోగుతుంది. అప్పుడు వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్లకుండా కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ మీట నొక్కి చూడాలి. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే విండోస్ ఇంకా పనిచేస్తూనే ఉందని, కాసేపు ఆగితే తేరుకోవచ్చని అనుకోవచ్చు. దీపం ఉలకకపోతే యంత్రం మొత్తంగా ఆగిపోయినట్టే. అప్పుడు హార్డ్‌వేర్‌నో, దానిని నడిపే ప్రోగ్రామైన డ్రైవర్‌నో అనుమానించాలి.

కొరతా, లోపమా?

ర్యామ్ అంటే నడుస్తున్న ప్రోగ్రాముల డేటాను కంప్యూటర్ తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ. అది చాలకపోవడం వేరు, చెడిపోవడం వేరు. చాలనప్పుడు విండోస్ కొంత డేటాను డిస్క్‌లోని పేజ్ ఫైల్‌లోకి నెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటూ ఉంటుంది కనుక, పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్ ఆ రాకపోకలతోనే కుంటుపడి, చివరికి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 శాతం దగ్గర నిలిచి ఉంటే అది కొరతే. ట్యాబులు మూయడం, కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాములను తగ్గించడం, 4 జీబీని 8 జీబీ చేసుకోవడంతో అది తీరిపోతుంది.

చెడిపోయిన ర్యామ్‌కు వేళాపాళా ఉండదు. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా కంప్యూటర్ ఆగిపోతుంది, విండోస్ కుప్పకూలి నీలి తెర వచ్చిన ప్రతిసారీ దాని మీది సందేశం మారుతూ ఉంటుంది. నేను ఎక్కువగా నమ్మే ఆనవాలు ఇంకొకటి ఉంది. ఒక పెద్ద జిప్ ఫైలును రెండు మూడు సార్లు విప్పి చూడండి. డౌన్‌లోడ్‌లోనే తేడా ఉంటే ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర సీఆర్‌సీ తప్పు (డేటా సరిపోలలేదనే సందేశం) చూపిస్తుంది. అదే ర్యామ్‌లో తేడా ఉంటే ఒకసారి ఒక ఫైలు దగ్గర, మరోసారి ఇంకో ఫైలు దగ్గర తప్పు వస్తుంది, ఒక్కోసారి ఏ తప్పూ లేకుండా విప్పుకుంటుంది. విండోస్ తన సంఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41ని చూసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చేసేవారున్నారు గాని, కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదనే అది చెబుతుంది, ఎస్‌ఎంపీఎస్ చెడిందని కాదు.

పరీక్ష, మరమ్మతు

ర్యామ్‌లో తప్పుగా మారిపోయిన బిట్ (డేటాలోని ఒక 0 లేదా 1) డిస్క్ మీదికి అలాగే చేరుతుంది కనుక, సంగతి తేలేదాకా ముఖ్యమైన ఫైళ్లను ఆ కంప్యూటర్‌లో సవరించకూడదు. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నోస్టిక్‌తో మొదలుపెట్టవచ్చు గాని, అది బాగుందన్నంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామును పెన్ డ్రైవ్ మీద వేసుకుని, విండోస్‌కు బదులు దానితోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టి రాత్రంతా నడవనివ్వాలి. ఒక్క తప్పు కనిపించినా దానిని లెక్కలోకి తీసుకోవలసిందే.

తప్పులు వస్తే కొత్త ర్యామ్ కొనడానికి ముందు బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలవుతూనే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగును ఆపి, మళ్లీ పరీక్షించాలి. డీడీఆర్4 రకం ర్యామ్ ప్యాకెట్ మీద ఉండే 3200 వంటి వేగం చాలా కిట్‌లలో 1.2 వోల్టులకు బదులు 1.35 వోల్టులతో ఎక్స్‌ఎంపీ ఇచ్చే వేగమే. అది ఆపగానే తప్పులు పోతే ర్యామ్ చెడిపోలేదు, ఆ వేగాన్ని తట్టుకోలేకపోతోందంతే.

అప్పటికీ తప్పులు వస్తుంటే కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తర్వాత కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ర్యామ్ స్టిక్‌లను బయటికి తీయాలి. షాపుల్లో బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. దానితో పని జరుగుతుంది గాని ఆ పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి మొదలవుతుంది కనుక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు రాలని గుడ్డే నాకు నచ్చుతుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కాలి. సగం దిగిన స్టిక్ కూడా కొన్నిసార్లు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఆపైన ఒకే స్లాట్‌లో ఒక్కొక్క స్టిక్‌ను పెట్టి పరీక్షించాలి. బాగున్న స్టిక్ ఏదో తేలాక దానినే ఒక్కొక్క స్లాట్‌లోకి మార్చి చూడాలి. తప్పు స్టిక్ వెంట వస్తే స్టిక్‌ను మార్చాలి, స్లాట్ దగ్గరే ఉండిపోతే లోపం మదర్‌బోర్డులోనో ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌లోనో ఉంటుంది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఎక్కడా తప్పు రాకపోతే ర్యామ్‌ను వదిలి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డిస్క్) ఆరోగ్యం, ప్రాసెసర్ వేడి చూసుకోవాలి.

నా కంప్యూటర్‌లో ఏడాది తేడాతో కొన్న రెండు స్టిక్‌లు ఉండేవి. ఏదానికది రాత్రంతా తప్పు లేకుండా నడిచింది, కలిపి పెట్టగానే ఇరవై నిమిషాల్లో తెర మీద తప్పులు చూపే ఎర్ర వరుసలు వచ్చాయి. బయోస్‌లో వేగాన్ని 3200 నుంచి 2933కి దించాను. ఆ స్టిక్‌లే ఇప్పటికీ నడుస్తున్నాయి.