రీబిల్డ్ కంప్రెసర్ వేశాక ఏసీ చల్లబడట్లేదా? ఆయిల్ లెక్క చూడండి

చెన్నైలో కత్తిరి ఎండలు మొదలయ్యాయంటే కార్ల ఏసీ షాపుల ముందు బండ్లు బారులు తీరతాయి. కొత్త కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ధర విని జడిసి రీబిల్డ్‌ది, అంటే పాతదాన్ని విప్పి బాగుచేసింది, వేయించుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మూడో రోజుకే సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. మెకానిక్ గ్యాస్ తక్కువైందన్నాడు, ఎక్కించాడు. ఇంకా అధ్వాన్నమైంది. చివరికి తేలిందేమిటంటే, తేడా ఆయిల్‌లో ఉంది.

బండి కదిలితే చల్లన, ఆగితే వేడి

ముందు కండెన్సర్ (గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే భాగం) ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. అది ఆగినా ఇదే లక్షణం. ఫ్యాన్ బాగుండి, కండెన్సర్ శుభ్రంగా ఉండి, హై సైడ్ గేజ్ (కంప్రెసర్ నుంచి బయటికెళ్లే గ్యాస్ ఒత్తిడి చూపే మీటరు) మాత్రం పైకి పోతుంటే ఆయిల్ ఎక్కువైందేమోనని అనుమానించాలి.

ఏసీ ఆయిల్ కంప్రెసర్‌లోనే కూర్చోదు, గ్యాస్‌తో కలిసి సిస్టమ్ అంతా తిరుగుతుంది. పాత కంప్రెసర్ విప్పితే అందులోని భాగమే బయటికొస్తుంది. కూలింగ్ కాయిల్‌లో, కండెన్సర్‌లో, డ్రయర్‌లో (గ్యాస్‌లోని తేమని పీల్చే డబ్బా) ఉన్నది అక్కడే ఉంటుంది. రీబిల్డ్ కంప్రెసర్‌లో కొన్నిసార్లు ముందే ఆయిల్ పోసి పంపుతారు. అది చూడకుండా 'సేఫ్టీకి' ఇంకాస్త పోస్తే నా బండి గతే. మిగులు ఆయిల్ గొట్టాల లోపల పూతలా పట్టి వేడిని బయటికి పోనివ్వదు. చాలా చిన్న కార్లలో మొత్తం ఆయిలే ఒక టీ గ్లాసుకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 'ఇంకాస్త' అన్నది చిన్న మాట కాదు.

పరిష్కారం: పాత కంప్రెసర్‌ని తలకిందులు చేసి, షాఫ్ట్ తిప్పుతూ ఆయిలంతా కొలత గ్లాసులోకి వంచండి. రీబిల్డ్‌లో ఉన్నదీ పూర్తిగా వంచేయండి. పాతదాంట్లో 40 మి.లీ. వస్తే కొత్త ఆయిల్ 40 మి.లీ. పోయండి. డ్రయర్, కండెన్సర్ కూడా మారిస్తే వాటికి ఎంత కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది. సిస్టమ్‌ని ఫ్లష్ చేసి, అంటే గొట్టాల లోపలంతా కడిగి, ఉంటే ఈ లెక్క పనికిరాదు, మాన్యువల్ చెప్పిన మొత్తం పోయాల్సిందే. ఇప్పటికే ఎక్కువ పోసేసి ఉంటే దగ్గరి దారి లేదు: మెషిన్‌తో గ్యాస్ తీయించి, ఫ్లష్ చేసి, కొత్త డ్రయర్ వేసి, మొదటి నుంచి కొలిచి పోయడమే.

గరగర శబ్దం, కంప్రెసర్ కాలిపోతోంది

ఆయిల్ తక్కువ. పొడిగా వచ్చిన రీబిల్డ్‌ని అలాగే బిగించారేమో అడగండి. లేదా పాత లీకులో గ్యాస్‌తో పాటు ఆయిలూ పోయి ఉంటుంది, అప్పుడు పాతదాంట్లో వచ్చిన కొలతను నమ్మకూడదు. వెంటనే ఏసీ ఆపేయండి. వంచిన ఆయిల్ వెండి రంగులో మెరుస్తుంటే లోహపు పొడి పుట్టిందన్నమాట. ఇప్పటి కండెన్సర్ల సన్నటి దారుల్లోంచి ఆ పొడి ఫ్లష్‌కి సరిగా రాదు. ఖర్చే, కానీ కండెన్సర్ మార్చడమే నయం.

మొదటిసారి ఆన్ చేయగానే 'టక్', బెల్టు కీచు

ఆయిల్ సిలిండర్‌లో నిలిచిపోయింది. ద్రవం నలగదు కదా, వాల్వులు విరుగుతాయి. ఆయిల్ పోశాక కంప్రెసర్ షాఫ్ట్‌ని ముందు వైపు నుంచి చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పి, తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

కొలత సరిపోయినా తేడాగా ఉంటే

ఆయిల్ రకం చూడండి. ఆర్134ఏ గ్యాస్ బండ్లలో ఎక్కువగా పీఏజీ అనే సింథటిక్ ఆయిల్ వాడతారు. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాలు వేరు. కంప్రెసర్ లేబుల్ మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. కరెంటుతో నడిచే హైబ్రిడ్ కంప్రెసర్లకు ఎక్కువగా పీఓఈ అనే మరో రకం ఆయిల్. అక్కడ పీఏజీ పడితే కరెంటు లీకవకుండా ఆపే ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

పీఏజీ గాల్లో తేమని లాగేసుకుంటుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో మూత తీసి పెట్టిన సీసా ఎవరైనా చేతికిస్తే వద్దనండి. సీల్ మీ కళ్లముందే తీయించండి.