రియాక్ట్‌లో స్టేట్ మాట వినట్లేదా? ముందు ఇవి చూడండి

(రియాక్ట్ అంటే వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, స్టేట్ అంటే పేజీలోని ఒక భాగం గుర్తుపెట్టుకునే విలువ.)

సమస్య: కౌంట్ అనే స్టేట్‌ని పెంచడానికి ఒకే క్లిక్‌లో సెట్‌కౌంట్(కౌంట్ + 1) అని మూడుసార్లు రాశారు, పెరిగింది మాత్రం ఒకటే. కింద లైన్లోనే కన్సోల్‌లో ప్రింట్ చేస్తే పాత అంకె.

కారణం: ఒక రెండర్‌లో (అంటే రియాక్ట్ మీ ఫంక్షన్‌ని ఒకసారి నడిపి స్క్రీన్ మీద ఏముండాలో లెక్కేయడంలో) కౌంట్ మారదు, కొత్త అంకె తర్వాతి రెండర్‌లోనే వస్తుంది. ఇప్పుడది 0 అయితే మూడు లైన్లూ 0 + 1 కిందే లెక్క, అంటే రియాక్ట్‌కి మూడుసార్లూ "1 పెట్టు" అనే చెప్పారు. సెట్‌టైమౌట్ పెట్టి కాసేపాగి చదువుదామనుకుంటే అదీ కుదరదు, ఆ ఫంక్షన్ పుట్టింది కూడా పాత రెండర్‌లోనే కదా. నేను దీంతో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను.

పరిష్కారం: సెట్‌కౌంట్(పాతది => పాతది + 1) అని రాయండి, అంటే అంకె బదులు "అప్పటికున్న దానికి ఒకటి కలుపు" అనే ఫంక్షన్ ఇవ్వండి. సెట్‌ఇంటర్వల్‌తో చేసిన టైమర్ 1 దగ్గరే ఆగిపోతే చాలాసార్లు ఇదే మందు.

సమస్య: లిస్టులోకి పుష్ చేశాక సెట్ కూడా చేశారు, కన్సోల్‌లో కొత్త ఐటమ్ కనిపిస్తోంది, స్క్రీన్ మీద లేదు. తర్వాత ఇంకేదో బటన్ నొక్కితే ఉన్నట్టుండి ఊడిపడుతుంది!

కారణం: లోపల సరుకు మారినా అర్రే (అంటే ఆ లిస్టు) అదే. రియాక్ట్ పాతదీ కొత్తదీ ఒకటేనా అని మాత్రమే చూస్తుంది, లోపలికి తొంగి చూడదు.

పరిష్కారం: [...ఐటమ్స్, కొత్తది] అని కొత్త అర్రే ఇవ్వండి. సార్ట్ కూడా ఉన్న అర్రేనే మార్చేస్తుంది, కాబట్టి ముందు కాపీ తీసుకోండి.

సమస్య: ఇది అసలు తలనొప్పి. బియ్యం, కందిపప్పు, చింతపండు అని మూడు వరసలు, ఒక్కోదాని పక్కన ఎన్ని కిలోలో టైప్ చేసే పెట్టె. బియ్యం పక్కన 25 కొట్టి, ఆ వరస తీసేశారు. పేరైతే పోయింది, 25 మాత్రం కందిపప్పు పక్కన కూర్చుంది.

కారణం: కీ (ఏ వరస ఏదో రియాక్ట్ గుర్తుపట్టడానికి ఇచ్చే గుర్తు) కింద ఇండెక్స్ (0 నుంచి లెక్కపెట్టే వరస నంబరు) ఇచ్చారు. బియ్యం పోగానే కందిపప్పు 0 అయింది. 0 నంబరు వరస ఇంకా ఉంది కదా అని రియాక్ట్ దాని పెట్టెను, అందులోని 25ని అలాగే ఉంచి చివరి వరసను పీకేసింది.

పరిష్కారం: ఐటమ్ చేర్చినప్పుడే దానికో ఐడీ ఇచ్చి అదే కీగా వాడండి. కీ లేదనే వార్నింగ్ పోతుంది కదా అని రెండర్‌లో మ్యాథ్.రాండమ్ మాత్రం పెట్టకండి, రెండర్ అయిన ప్రతిసారీ పెట్టె కొత్తగా పుట్టి, టైప్ చేసింది కాస్తా పోతుంది.

ఇదే కీని తిరగేసి కూడా వాడుకోవచ్చు: వేరే కస్టమర్‌ని ఎంచుకున్నా ఫారంలో పాతాయన వివరాలే ఉండిపోతుంటే, ఫారానికి కస్టమర్ ఐడీని కీగా ఇవ్వండి, మొత్తం ఫ్రెష్‌గా మొదలవుతుంది.